కాశీ టికెట్టుకు ముహూర్తం

కాశికి వెళ్ళాలన్న కోరిక లేని తెలుగు ఇల్లు అరుదు. ఒకప్పుడు ఆ కోరిక బాధ్యతలన్నీ తీరిన తరువాత, తిరిగి వస్తామో రామో అన్న సందేహంతో నెరవేరేది. నేడు శంషాబాదులో నేరుగా వెళ్ళే విమానం ఎక్కితే దాదాపు రెండు గంటలలో కాశీక్షేత్రం చేరుకుంటున్నాము. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగర్ ప్రాంతాలలోని మధ్యతరగతి ఇళ్ళలో సైతం అమ్మానాన్నలను విమానంలో కాశికి తీసుకువెళ్ళాలన్న మాట వినబడుతోంది. ఇది ఆనందించవలసిన విషయమే. దూరం తగ్గింది. అయితే దూరం తగ్గిన చోటనే మరొక చిక్కు పుట్టింది. ప్రయాణానికి ఎంత సొమ్ము కావాలన్నది ఈనాడు దూరాన్ని బట్టి కాక, వెళ్ళే రోజును బట్టి, టికెట్టు కొన్న రోజును బట్టి మారిపోతోంది.

ఆలయానికి వచ్చే గృహస్థులు పురోహితుని అడిగే ప్రశ్నలలోనూ ఈ మార్పు కనబడుతోంది. కొందరు ముందుగా టికెట్టు కొనివేసి, తరువాత పంచాంగం చూడమంటారు. ఆ రోజు అనుకూలంగా లేదని తెలిస్తే తేదీ మార్చుకోవడానికి రుసుము చెల్లించి, ఆపైన పెరిగిన ధర కూడా భరిస్తారు. మరికొందరు ఫలానా పర్వదినాన్నే గంగాస్నానం చేయాలని పట్టుబట్టి, ఆనాటి ధర ఎంతైనా సరే అప్పు చేసి బయలుదేరుతారు. ఈ రెండు పద్ధతులూ సరి కావు. పాఠక మహాశయులకు నా మనవి ఒక్కటే. యాత్రకు మొదట చూడవలసిన బలం ఇంటి స్తోమత. ఆ స్తోమతకు తగిన రోజును ఎంచుకునే స్వేచ్ఛను శాస్త్రమే మనకు విశాలంగా ఇచ్చింది. దానిని గుర్తించక, పితృఋణం తీర్చుకోవడానికి వెళ్ళి బ్యాంకు ఋణం వెంట తెచ్చుకుంటున్నాము.

వాహనం దోషమా?

విమానంలో వెళితే యాత్రాఫలం తగ్గుతుందా అన్నది తరచుగా వినబడే సందేహం. తీర్థయాత్రలో వాహనాన్ని నిషేధించే వాక్యాలు పురాణాలలో ఉన్న మాట వాస్తవం. మత్స్యపురాణంలోని ప్రయాగ మాహాత్మ్యంలో మార్కండేయ మహర్షి ధర్మరాజుకు ఈ విషయం చెబుతాడు. అయితే అక్కడ నిషేధానికి కారణం కూడా చెప్పబడింది. ఐశ్వర్యం వలన కలిగిన గర్వంతోనో, లోభంతోనో, మోహంతోనో వాహనమెక్కి వెళ్ళేవానికి తీర్థం నిష్ఫలమని దాని తాత్పర్యం. అంటే దోషం చక్రాలలో లేదు, రెక్కలలో లేదు. ఎక్కినవాని మనస్సులో ఉంది. మోకాళ్ళు సహకరించని డెబ్బై ఏళ్ళ తల్లిని రైలులో ఒక పగలూ ఒక రాత్రీ కూర్చోబెట్టలేక విమానమెక్కించిన కుమారునికి ఈ దోషం అంటదు. నలుగురికీ చెప్పుకోవడానికి అప్పు చేసి విమానమెక్కినవాడు మాత్రం ఆ వాక్యాన్ని ఒకసారి తలచుకోవాలి.

మన తెలుగువారిలో కాశీయాత్ర అనగానే గుర్తుకు వచ్చే పేరు ఏనుగుల వీరాస్వామయ్య గారిది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న చెన్నపట్టణం నుంచి బయలుదేరి, మన హైదరాబాదు మీదుగా కాశికి వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరుకున్నారు. పదిహేను నెలలు దాటిన ప్రయాణమది. పరివారం, బోయీలు, గుడారాలు, సామాను వెంట నడిచాయి. ఆయన పల్లకీని ఉపయోగించారని ఆనాటివారెవరూ ఆయన యాత్రను తక్కువ చేయలేదు. ఏ కాలానికి తగిన వాహనం ఆ కాలానిది. ఖర్చు ఎంతవుతుందో, ఎలా అవుతుందో ముందుగా లెక్క చూసుకోవడం మాత్రం ఆనాడూ ఈనాడూ యాత్రికుని కర్తవ్యమే.

ధనం లేనివానికే తీర్థం

మహాభారతంలో అరణ్యపర్వంలోని తీర్థయాత్రా ఘట్టాన్ని గమనించండి. పులస్త్య మహర్షి భీష్మునికి చెప్పిన మాటలను నారదుడు ధర్మరాజుకు వినిపిస్తాడు. యజ్ఞాలకు అనేక ఉపకరణాలు, విస్తారమైన సంభారాలు కావాలి, అవి రాజులకు, ధనవంతులకు సాధ్యం, పేదవాడు చేయలేడు. పేదవానికి సైతం అందుబాటులో ఉండి, యజ్ఞఫలాన్ని మించిన ఫలమిచ్చేది తీర్థసేవనం అని ఆ ఘట్టం సారాంశం. తీర్థయాత్ర పుట్టిందే ధనం లేనివాని కోసం. అటువంటి యాత్రను ధనం ఉంటేనే సాగే వ్యవహారంగా మనమే మార్చుకుంటే, దానిని విధించిన ఋషుల ఉద్దేశం నెరవేరుతుందా?

అదే ఘట్టం తీర్థఫలం ఎవరికి దక్కుతుందో కూడా చెబుతుంది. చేతులు, కాళ్ళు, మనస్సు అదుపులో ఉన్నవారికి, ఉన్నదానితో తృప్తి పొందేవారికి, అహంకారం లేనివారికి దక్కుతుందట. తృప్తి అన్న ఒక్క మాట చాలు. క్రెడిట్ కార్డు మీద వాయిదాలు పెట్టుకుని, కాశిలో దశాశ్వమేధ ఘట్టం దగ్గర కూర్చుని వచ్చే నెల కట్టవలసిన సొమ్మును తలచుకునే గృహస్థుకు తృప్తి ఎక్కడిది? మనస్సు విశ్వనాథుని మీద నిలవాలంటే, ఇంటి దగ్గర అప్పులవాని ముఖం గుర్తుకు రాకూడదు.

ధర ఎలా నడుస్తుంది?

ఇప్పుడు లౌకికమైన విషయానికి వద్దాము. విమానంలో ఒకే వరుసలో కూర్చున్న ఇద్దరు ఒకే ధర చెల్లించి ఉండకపోవచ్చు. విమాన సంస్థలు సీట్లను కొన్ని కొన్ని వంతులుగా విభజించి, ఒక్కొక్క వంతుకు ఒక్కొక్క ధర నిర్ణయిస్తాయి. తక్కువ ధర వంతు అమ్ముడుపోగానే ఆ పై వంతు తెరుచుకుంటుంది. ప్రయాణం దగ్గరపడే కొద్దీ, సీట్లు నిండే కొద్దీ ధర పెరగడానికి ఇదే కారణం. 1994లో విమానయానంలో ప్రభుత్వ గుత్తాధిపత్యం తొలగిన తరువాత ధరలను సంస్థలే నిర్ణయించుకుంటున్నాయి. కరోనా కాలంలో 2020 మే నుంచి 2022 ఆగస్టు చివరి వరకు కేంద్ర ప్రభుత్వం దేశీయ టికెట్లకు కనిష్ఠ, గరిష్ఠ పరిమితులు విధించి, తరువాత వాటిని ఎత్తివేసింది.

ఈ విధానం తెలిస్తే కొన్ని సంగతులు వాటంతట అవే బోధపడతాయి. ఆరుగురికి కలిపి ఒకేసారి టికెట్లు వెదికినప్పుడు, తక్కువ ధర వంతులో రెండు సీట్లే మిగిలి ఉంటే, సాధారణంగా ఆరుగురికీ పై వంతు ధరనే చూపుతారు. అందుచేత మొదట ఒక్కరికి, తరువాత ఇద్దరికి వెదికి చూడండి. తేడా కనబడితే టికెట్లను విడివిడిగా తీసుకోవచ్చు. అయితే వృద్ధులను ఒంటరిగా ఒక టికెట్టు మీద ఉంచకండి. విమానం రద్దయినా, వేళ మారినా వారికి తోడుండే మనిషి అదే టికెట్టులో ఉండాలి. ఒక్కొక్క టికెట్టుకు 2,000 రూపాయల తేడా వచ్చిందనుకోండి. నలుగురున్న కుటుంబానికి రానూపోనూ కలిపితే 16,000 రూపాయలు. ఆ సొమ్ముతో కాశిలో దానధర్మాలూ, ఇంటికి వచ్చాక చేసే సమారాధనా సంతృప్తిగా జరుపుకోవచ్చు.

రైలును కూడా తక్కువగా చూడవద్దు. 2024 నవంబరు 1 నుంచి రైలు టికెట్ల ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. కాబట్టి రైలులో వెళ్ళాలనుకునేవారు ఆ 60వ రోజును గుర్తుంచుకోవాలి. దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళేవారు పూర్వం మొగల్‌సరాయ్ అని పిలిచిన, 2018 నుంచి పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పేరుతో ఉన్న జంక్షన్‌లో దిగి, గంగ దాటితే కాశి. ఆ మొగల్‌సరాయ్‌లోనే లాల్ బహదూర్ శాస్త్రి గారు జన్మించారు. మన ఎల్.బి.నగర్‌కు ఆయన పేరే. కాశి విమానాశ్రయానికీ ఆయన పేరే. నిరాడంబరతకు మారుపేరైన ఆ మహనీయుని నామాన్ని ఇంటి చిరునామాలో ధరించినవారు, ఆడంబరం లేని యాత్ర చేయడం ఎంతైనా సముచితం. ఆరోగ్యవంతులైనవారు వెళ్ళేటప్పుడు రైలులోనూ, అలసిపోయి వచ్చేటప్పుడు విమానంలోనూ ప్రయాణం చేసినా ఖర్చు సగపాలు అదుపులో ఉంటుంది.

ఏ రోజున వెళ్ళాలి?

అసలు విషయం ఇది. అందరూ ఒకే రోజున వెళ్ళాలనుకున్నప్పుడే ధర ఆకాశాన్ని అంటుతుంది. 2025 జనవరి 13 నుంచి ఫిబ్రవరి 26 వరకు ప్రయాగలో జరిగిన మహాకుంభమేళా సమయంలో విమాన టికెట్ల ధరలు విపరీతంగా పెరగగా, కేంద్ర ప్రభుత్వం కల్పించుకుని సర్వీసులు పెంచమని, ధరలను అదుపులో ఉంచమని విమాన సంస్థలను కోరవలసి వచ్చింది. శివరాత్రికి, కార్తీక పూర్ణిమనాటి దేవదీపావళికి, మహాలయ పక్షానికి కాశీ గయలలో రద్దీ ప్రతి ఏటా చూస్తున్నదే. ఆ రోజులకు మహిమ ఉంది, కాదనడం లేదు. కానీ ఆ రోజులలో వెళితేనే ఫలం, తక్కిన రోజులలో వెళితే వ్యర్థం అని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

గయాశ్రాద్ధం సంగతే చూడండి. ఇతర చోట్ల శుభకార్యాలకూ, కొన్ని పితృకార్యాలకూ అధికమాసం, గురుశుక్ర మూఢాలు అడ్డువస్తాయి. గయలో అవేవీ అడ్డు కావని, అన్ని కాలాలలోనూ పిండప్రదానం చేయవచ్చునని గయామాహాత్మ్యం స్పష్టంగా చెబుతోంది. మహాలయ పక్షంలో వెళ్ళడం విశేషమే. ఆ పదిహేను రోజులలో స్తోమతకు మించిన ధర పెట్టి వెళ్ళలేనివారు మార్గశిరంలోనో, ఫాల్గుణంలోనో వెళితే పితృదేవతలు విముఖులై వెనుదిరుగుతారని భయపడనవసరం లేదు. మూఢంలో పెళ్ళిళ్ళు లేక ప్రయాణాల రద్దీ తగ్గిన వేళ గయకు వెళ్ళడానికి శాస్త్రం తలుపు తెరిచే ఉంచింది. కాశి నుంచి గయ సుమారు 250 కిలోమీటర్లు. రైలులోనో రోడ్డు మీదనో వెళ్ళవచ్చు.

కాశి విషయంలోనూ అంతే. అక్కడ నివసించే సత్పురుషులకు ఎల్లప్పుడూ కృతయుగమే, ఎల్లప్పుడూ ఉత్తరాయణమే అన్న భావం కాశీఖండంలో ఉంది. పుష్కరాల విషయంలో కూడా మనకు తెలియక తొందరపడతాము. 2023 ఏప్రిల్ 22 నుంచి మే 3 వరకు జరిగిన గంగా పుష్కరాలకు మన తెలుగువారు ఎండను లెక్కచేయక పెద్ద సంఖ్యలో కాశికి తరలివెళ్ళారు. మొదటి పన్నెండు రోజులు ఆది పుష్కరాలు. సంవత్సరాంతంలో వచ్చే చివరి పన్నెండు రోజులు అంత్య పుష్కరాలు. నడుమ ఉన్న కాలంలోనూ పుష్కరుడు ఆ నదిని విడిచిపోడు. మధ్యాహ్న వేళ అతని సాన్నిధ్యం ఉంటుందని పెద్దలు చెబుతారు. 2015 జూలైలో వచ్చిన గోదావరి పుష్కరాలు తిరిగి 2027లో వస్తాయి. విదేశాలలో ఉన్న పిల్లలు ఆ పన్నెండు రోజులకే టికెట్లు కొనాలని ప్రయాసపడకుండా, ఏడాది పొడవునా ఉన్న అవకాశాన్ని గుర్తించాలి.

అయితే ధర తక్కువగా ఉన్నంత మాత్రాన ప్రతి రోజూ అనుకూలం కాదు. డిసెంబరు చివర నుంచి జనవరిలో ఉత్తరదేశంలో దట్టమైన మంచు కురిసి విమానాలు ఆలస్యమవుతాయి. శ్రావణ భాద్రపదాలలో గంగకు వరద వస్తే కాశిలో మెట్లు మునిగిపోతాయి. వైశాఖ జ్యేష్ఠాల ఎండ వృద్ధులు భరించలేనిది. దేవదీపావళి రద్దీ తగ్గిన తరువాత మంచు ముదరక ముందు వచ్చే మార్గశిర దినాలు, శివరాత్రి దాటిన తరువాత ఎండ ముదరక ముందు వచ్చే రోజులు చూడదగినవి.

వారశూల, వారం మధ్యలో తక్కువ ధర

ఇక్కడ ఒక ధర్మసందేహం వస్తుంది. విమాన టికెట్లు వారాంతాలలో ఎక్కువ ధర, వారం మధ్యలో మంగళ బుధవారాలలో తరచు తక్కువ ధర పలుకుతాయి. కాశి మనకు ఉత్తర దిక్కున, కొంచెం ఈశాన్యంగా ఉంది. మంగళ బుధవారాలలో ఉత్తర దిక్కుకు వారశూల. చౌకగా దొరికే రోజులే శూల ఉన్న రోజులైతే గృహస్థు ఏమి చేయాలి?

దీనికి మన పెద్దలు ఎన్నడో ఉపాయం చెప్పారు. దాని పేరు ప్రస్థానం. అనుకూలమైన రోజున, అనుకూలమైన వేళ, యాత్రలో వాడుకునే వస్త్రమో, మనసుకు ఇష్టమైన మరొక వస్తువో ఇంటి నుంచి బయటకు పంపి, వెళ్ళే దిక్కున ఉన్న బంధువుల ఇంటనో స్నేహితుల ఇంటనో ఉంచుతారు. యాత్ర అప్పుడే ప్రారంభమైనట్లు లెక్క. కొద్ది రోజులలోపు మనిషి బయలుదేరి ఆ వస్తువును తీసుకుని వెళతాడు. ముహూర్త గ్రంథాలు అంగీకరించిన పద్ధతి ఇది. తెల్లవారుజామున వర్జ్యంలోనో రాహుకాలంలోనో విమానం ఉన్నప్పుడు కూడా ఇదే మార్గం. వర్జ్యం కోసం విమానం ఆగదు. వర్జ్యం ఉందని వేల రూపాయలు వదులుకోనవసరమూ లేదు.

ఇంకొక లెక్క చెబుతాను. కాశిలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయడం మన తెలుగువారి ఆచారం. సోమవారం వెళ్ళి తొమ్మిది రాత్రులు గడిపితే తిరుగు ప్రయాణం బుధవారం అవుతుంది. సోమవారం శూల తూర్పునకు గాని ఉత్తరానికి కాదు. దక్షిణానికి శూల గురువారం. కాబట్టి బుధవారం ఇంటికి రావడానికి అభ్యంతరం లేదు. వెళ్ళే రోజూ వచ్చే రోజూ కూడా వారాంతపు రద్దీకి దూరంగా పడతాయి. సోమవారం ఉదయం ఉద్యోగుల రద్దీ ఉంటుంది గనుక మధ్యాహ్నం తరువాతి విమానాలు కూడా చూడండి. పంచాంగమూ పైకమూ ఒకదానికొకటి శత్రువులు కావు. కొంచెం ముందుగా కూర్చుని చూస్తే రెండూ కలిసే రోజు దొరుకుతుంది.

అస్థి నిమజ్జనం వేళ

ధర కారణంగా నిజంగా కంట తడి పెట్టించే సందర్భం మరొకటి ఉంది. ఇంట్లో పెద్దలు కాలం చేసినప్పుడు పది రోజులలోపు అస్థులను గంగలో కలపాలన్న తపనతో, దుఃఖంలో ఉన్న కుటుంబం మరునాటి విమానానికి అత్యధిక ధర చెల్లిస్తుంది. ఆసుపత్రి ఖర్చులతో కుంగిపోయిన ఇంటికి అది మరొక దెబ్బ. పది రోజులలోపు కలపడం ఉత్తమమన్న మాట నిజమే. అది వీలుపడనప్పుడు అస్థులను శుచిగా భద్రపరచి, పురోహితుడు చెప్పిన కాలంలో విధిపూర్వకంగా గంగలో కలపవచ్చు. లేదా సమీపంలోని పుణ్యనదిలో కలపవచ్చు. దిల్‌సుఖ్‌నగర్ వెనుకగా చైతన్యపురి పక్క నుంచి పారే మూసీ నది నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో సంగమిస్తుంది. అగస్త్యేశ్వరుడు వెలసిన ఆ సంగమ క్షేత్రానికి ఎల్.బి.నగర్ నుంచి బస్సులో మిర్యాలగూడ మీదుగా వెళ్ళి రావచ్చు. కాళేశ్వరం, ధర్మపురి, బాసర, భద్రాచలం గోదావరీ తీరాన ఉన్నాయి. అక్కడ శ్రద్ధతో చేసిన కర్మకు లోపం లేదు. విమానంలోనే తీసుకువెళ్ళేవారు అస్థులను ఏ విధంగా తీసుకురావాలో, మరణ ధృవీకరణ వంటి ఏ పత్రాలు కావాలో ఆ సంస్థను ముందే అడిగి తెలుసుకోవాలి.

చిన్న ఖర్చులే పెద్దవి

టికెట్టు మీద కనబడే ధర ఒక్కటే ఖర్చు కాదు. దేశీయ విమానాలలో సాధారణంగా ఒక్కొక్కరికి 15 కిలోల సామాను, చేతిలో 7 కిలోలు మాత్రమే అనుమతిస్తారు. తిరిగి వచ్చేటప్పుడు గంగచెంబులు, ఇత్తడి సామాను, పంచిపెట్టడానికి కొన్న వస్తువులు చేరితే కిలోల లెక్కన అదనపు రుసుము పడుతుంది. గంగాజలాన్ని గట్టిగా మూతవేసి, లోపలకు పంపే పెట్టెలో పెట్టండి. కర్పూరం, అగ్గిపెట్టె వంటి మండే వస్తువులు తీసుకువెళ్ళకండి. పూజాసామగ్రి కాశిలోనే దొరుకుతుంది. 2024లో శబరిమల యాత్రికుల కోసం ఇరుముడిలోని కొబ్బరికాయను చేతిసంచిలో తీసుకువెళ్ళడానికి ప్రత్యేకంగా అనుమతి ఇవ్వవలసి వచ్చిందంటే, కొబ్బరికాయ విషయంలో కూడా నిబంధనలు ఎంత గట్టిగా ఉన్నాయో గ్రహించవచ్చు. నచ్చిన సీటు ఎంచుకోవడానికి, భోజనానికి అదనంగా వసూలు చేసే టికెట్లూ ఉన్నాయి. అర్ధరాత్రి విమానం చౌకగా దొరికినా, ఎల్.బి.నగర్ నుంచి శంషాబాదుకు క్యాబ్ ఖర్చు కలిపితే లాభం కరిగిపోవచ్చు. ఆర్టీసీ పుష్పక్ బస్సు దొరికే వేళకు సరిపడే విమానం మేలు.

పేర్ల విషయంలో మన తెలుగువారికి ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరొకచోట ఒక్క అక్షరంగా ఉంటుంది. టికెట్టు మీద పేరు ఆధార్ కార్డులో ఉన్నట్లే ఉండేలా చూసుకోండి. అక్షరం తప్పితే సవరణకు రుసుము పడవచ్చు, ఆందోళనా కలుగుతుంది. టికెట్టు రద్దు చేసుకున్నప్పుడు మూల ధర తిరిగి రాదని చెప్పిన టికెట్టు అయినా సరే, చట్టబద్ధమైన పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగి ఇవ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ నిబంధన ఉంది. చాలామంది అడగక ఆ సొమ్ము వదులుకుంటున్నారు. కరపత్రాలలో కనిపించే యాత్రా ప్యాకేజీలలో రానూపోనూ టికెట్టు, వసతి, గయ ప్రయాణం, కర్మకాండ దక్షిణలు వేటికి ఎంతో విడివిడిగా రాయించుకోకుండా బయానా ఇవ్వకండి.

టికెట్టు కన్నా ముందు వసతి చూసుకోవడం మరొక జాగ్రత్త. కాశిలో మానససరోవర ఘట్టం దగ్గర శ్రీ రామతారక ఆంధ్రాశ్రమం, కరివేన సత్రం వంటివి తెలుగువారికి నీడనిస్తున్నాయి. గది దొరికే రోజులు, టికెట్టు చౌకగా ఉన్న రోజులు, పంచాంగం అంగీకరించే రోజులు, ఈ మూడింటినీ ఒక కాగితం మీద రాసుకుంటే ప్రయాణం తేదీ అదే తేలుతుంది.

పురోహితులకు, ప్రభుత్వానికి

ఈ విషయంలో నాతోటి పురోహితులకు కూడా ఒక మాట చెప్పవలసి ఉంది. యాత్రకు రోజు అడిగిన గృహస్థుకు ఒకే ఒక్క తేదీ రాసి ఇవ్వకండి. రెండు నెలల వ్యవధిలో అనుకూలమైన ఎనిమిదో పదో రోజులు రాసి ఇవ్వండి. వాటిలో చౌకగా దొరికే రోజును ఇంట్లోని పిల్లలు చూసుకుంటారు. నక్షత్రం చూసి చెప్పడం మన వృత్తి. గృహస్థు బరువు తగ్గించడం మన ధర్మం. యజమాని అప్పు చేసి వచ్చినప్పుడు ఇచ్చే దక్షిణ మనకూ శ్రేయస్కరం కాదు.

పుష్కరాలు, కుంభమేళాలు ఎప్పుడు వస్తాయో పంచాంగకర్తలు ఏళ్ళ ముందే చెబుతారు. అవి అకస్మాత్తుగా వచ్చిపడే తుఫానులు కావు. రద్దీ మొదలైన తరువాత విమాన సంస్థలకు నచ్చచెప్పడం కన్నా, ముందుగానే ప్రత్యేక రైళ్ళు, అదనపు విమానాలు ప్రకటించడం ప్రభుత్వాలకు అసాధ్యం కాదు. వృద్ధులకు రైలు టికెట్టులో ఉన్న రాయితీని 2020 మార్చిలో నిలిపివేశారు. వయసు మళ్ళినవారి యాత్రలను సులభం చేయడం రాజధర్మమే.

వాయిదా వేయవద్దు

ఇంతవరకు చెప్పినదాన్ని విని, చౌకగా టికెట్టు దొరికే వరకు యాత్రను ఏళ్ళ తరబడి వాయిదా వేయమని అర్థం చేసుకోకండి. పొదుపు వేరు, లోభం వేరు. మత్స్యపురాణం గర్వంతో పాటు లోభాన్నీ తప్పుపట్టింది. వంద రూపాయలు తగ్గుతుందేమోనని రోజూ ఫోనులో ధరలు చూస్తూ కూర్చుంటే, ఈలోగా తండ్రిగారి మోకాళ్ళు మొరాయిస్తాయి. తల్లిగారి కంటిచూపు మందగిస్తుంది. విశ్వనాథుని తాకి దర్శించుకోగల ఓపిక వారికి ఉన్నప్పుడే తీసుకువెళ్ళాలి. ఇంటిల్లిపాదీ వెళ్ళే స్తోమత లేకపోతే ముందుగా పెద్దవారిద్దరినీ, తోడుగా ఒక్కరినీ పంపండి. తక్కినవారు మరొకసారి వెళ్ళవచ్చు.

అసలే వెళ్ళలేనివారు చిన్నబుచ్చుకోవద్దు. సత్యం, ఓర్పు, ఇంద్రియనిగ్రహం, భూతదయ ఇవన్నీ మానస తీర్థాలని కాశీఖండంలో అగస్త్య మహర్షి లోపాముద్రకు చెబుతాడు. వాటికి టికెట్టు అక్కరలేదు. వెళ్ళగలిగినవారు మాత్రం ఈ ఆదివారమే ఇంట్లో అందరూ కలిసి కూర్చోండి. ఈ ఏడాది యాత్రకు అప్పు లేకుండా ఎంత పెట్టగలమో మొదట ఒక అంకె రాసుకోండి. తరువాత మీ పురోహితుని అడిగి పది రోజులు రాయించుకోండి. ఆ తరువాత ధరలు చూడండి. ఈ క్రమం తప్పకపోతే టికెట్టు దొరుకుతుంది, మనశ్శాంతీ దొరుకుతుంది. బయలుదేరే ముందు కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామినో, మీ కాలనీలోని వినాయకునో దర్శించి, నిర్విఘ్నంగా వెళ్ళి రమ్మని దీవెన అందుకోండి. విశాలాక్షీ అన్నపూర్ణలతో కూడిన విశ్వేశ్వరుడు మీ ఇంటి పెద్దలకు తన దర్శనభాగ్యం కలిగించుగాక.